ప్రెసిడెంటుగారి మాట

కాకినాడ,
12 ఆగస్టు 2024

అక్కయ్యకి ప్రకాశం నమస్కారాలు.

నువ్వు కట్టి ఇచ్చిన కందిపొడి, మాగాయ అయిపోవచ్చాయి. ఈ జగన్నాథపురం గదిలో వంట నేనే చేసుకుంటున్నాను. దాన్ని వంట అనొచ్చో లేదో నువ్వొచ్చి తింటే గానీ తేలదు. కిటికీ తీస్తే హార్బరు నుంచి ఎండుచేపల వాసన, మూస్తే ఉక్క. గోదావరి మధ్యలో పుట్టి పెరిగినవాణ్ణి, అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక స్నానానికి బక్కెట్టు నీళ్ళ కోసం వంతు కాచుకుంటున్నాను.

ఫోన్ చేయడం లేదని కోపం పెట్టుకోకు. లంకలో అడుగు పెట్టకూడదనీ, సాక్షులతో మాట్లాడకూడదనీ షరతు మీద బెయిలు ఇచ్చారు. ఆ సాక్షుల్లో నువ్వూ ఉన్నావు. ఫోన్లో మాట్లాడితే ఎవరితో ఎంతసేపు మాట్లాడామో అంతా బయటికొస్తుందని మన ప్లీడరు మణిశంకర్ గారు చెప్పారు. ఉత్తరాలు రాయమని ఆయన అనలేదు, నేనే రాస్తున్నాను. అక్కకి తమ్ముడు ఉత్తరం రాయడం ఏ చట్టంలో తప్పో నాకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు.

ఛార్జిషీటు చేతికి వచ్చింది. గణేష్‌బాబు భార్య హారతి కాన్పు నొప్పులతో మన రేవులో చనిపోవడానికి కారణం నేనట. తల్లీ బిడ్డా ఇద్దరి చావూ నా నెత్తినే పెట్టారు. నేను చేసిందేమిటి? వాళ్ళ గట్టు మీది కొబ్బరిచెట్ల తగవు తీర్చాను. ఆ పిల్లకి నా తీర్పు నచ్చలేదు. పడవెక్కి అవతలి ఒడ్డున పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. మన సింగారాయలంక నుంచి అంతకు ముందు మగవాడైనా అలా వెళ్ళాడా? ఊరి తగవు ఊళ్ళోనే తేలాలని నా పద్ధతి. అందుకే ఆ ఇంటితో ఎవరూ పలకొద్దని చావడిలో చెప్పాను. పలకొద్దన్నాను గానీ పడవ ఎక్కించుకోవద్దని అన్నానా? నువ్వే చెప్పు.

కేసంతా ఇప్పుడు ఒక్క దగ్గర ఆగిందంటున్నారు ప్లీడరుగారు. ఆ పిల్ల పోయిన కార్తీక సోమవారం పొద్దున్న, ఆమెను పడవలో తీసుకెళ్ళమంటారా అని అడగడానికి పడవ అబ్రహాము మన ఇంటికి వచ్చాడు. అప్పుడు నేను జపంలో ఉన్నాను. వాడి మాట నేను విన్నానా, లేదా? అక్కడున్నది నువ్వొక్కదానివే. జపంలో కూర్చుంటే మా తమ్ముడికి లోకం తెలియదని నువ్వంటే నేను ఇంటికొస్తాను. లేకపోతే జైలే.

వరద ఎంత వచ్చిందో రాయి. గేదెల్ని మెరకకి తోలించావా?

నీ తమ్ముడు,
సూర్యప్రకాశం


సింగారాయలంక,
27 ఆగస్టు 2024

ప్రకాశం, నీ ఒళ్ళూ మనసూ నిమ్మళంగా ఉండాలని కోరుకుంటూ అక్క రాస్తున్నది.

వరద తీసింది. పెరట్లోకి వచ్చి వంటింటి మెట్టు దాకా చూసి వెళ్ళిపోయింది. కొబ్బరితోటలో మోకాటి లోతు ఒండ్రు మేట వేసింది. నువ్వు వేయించిన రాతికట్ట మాత్రం ఒక్క రాయి కదలలేదు. గేదెలు క్షేమం. నల్లది నీకోసం వాకిట్లోకి చూస్తూ ఉంటుంది, పాలు మాత్రం అలవాటు ప్రకారం ఎగ్గొడుతోంది.

అన్నంలో నీళ్ళు ఎక్కువైతే గంజి వంచుకో, అన్నాన్ని తిట్టకు. కందిపొడి మళ్ళీ కొట్టించి పంపుతాను.

మొన్న రేవులో గణేష్‌బాబు కనబడ్డాడు. మనిషి సగమైపోయాడు. బాగున్నావా అని అడగాలనుకున్నాను. నోరు పెగల్లేదు. అతను నా ముందు నుంచే వెళ్ళిపోయాడు.

కోర్టు సంగతి రాశావు. నేను చూసింది చూసినట్టు చెబుతాను, అంతకు మించి నాకు చాతకాదు. దేవుడి ముందు ప్రమాణం చేసినట్టే అనుకుంటాను. ఇంకా రాయాలని ఉంది గానీ ఈ కాగితం మీద చెయ్యి సాగడం లేదు. మందులు వేళకి వేసుకో.

అక్క,
సీతారామలక్ష్మి


కాకినాడ,
15 సెప్టెంబరు 2024

అక్కయ్యకి ప్రకాశం నమస్కారాలు.

నీ ఉత్తరం ప్లీడరుగారికి చదివి వినిపించాను. చూసింది చూసినట్టు చెబుతానన్నావు కదా, ఇంకేం కావాలి అన్నారు. నువ్వు చూసింది కళ్ళు మూసుకుని మాల తిప్పుతున్న మనిషిని. అదే చెప్పు. గణేష్‌బాబుతో పలకలేదని కూడా రాశావు. మంచి పని చేశావు. నేను లేకపోయినా ఇంటి మర్యాద నిలబెడుతున్నావు.

ఇక్కడ పొద్దు పోదు. పాతవన్నీ గుర్తొస్తున్నాయి. ఎనభై ఆరు వరదలో ఊరు ఊరంతా బడి డాబా మీద కూర్చుంటే, పక్క లంకల నుంచి నావలు తెప్పించి ముందు ముసలివాళ్ళనీ బాలింతల్నీ దాటించాను. అప్పటికి నేను ప్రెసిడెంటునీ కాదు, ఏమీ కాదు. ఆ పనికే తరవాత పోటీ లేకుండా గెలిపించారు. రెండుసార్లు చేశాను. బ్రాందీ షాపు రానివ్వలేదు. తీర్థంలో రికార్డింగు డాన్సులు పెట్టనివ్వలేదు. ఆడపిల్లల్ని బడి మాన్పిస్తే తండ్రిని చావడికి పిలిచి చీవాట్లు పెట్టాను. లంక కోతకి గురవుతుంటే రాజమండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి రాళ్ళు వేయించాను. తరవాత ఆ పదవి ఆడవాళ్ళకి రిజర్వు అయింది, ఎవరెవరో వచ్చారు. ఇప్పటి ప్రెసిడెంటు సూర్యకళ కూడా సంతకం పెట్టే ముందు నన్ను అడిగేది. ఊరు ఇప్పటికీ నన్నే ప్రెసిడెంటుగారు అంటుంది.

అటువంటివాణ్ణి బోనులో నిలబెడతారట. పెట్టనీ. నువ్వు ఒక్క మాటతో దింపేస్తావు.

సూర్యప్రకాశం


సింగారాయలంక,
20 అక్టోబరు 2024

ప్రకాశానికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. సగం రాసి ఊరుకుంటే నువ్వు నీకు కావలసినట్టు అర్థం చేసుకున్నావు. తప్పు నాదే. ఇప్పుడు మొత్తం రాస్తాను, కోపం వస్తే రానీ.

నువ్వు విన్నావురా.

ఆ పొద్దున్న నువ్వు నడవలో పీట మీద కూర్చున్నావు. నేను తులసికోట దగ్గర వత్తులు సర్దుతున్నాను. అబ్రహాము పరుగెత్తుకుంటూ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "ప్రెసిడెంటుగారండీ, గణేష్‌బాబు గారి ఆడమనిషిని రేవుకి తెచ్చారండి. రక్తం బాగా పోతోందండి. పడవ తియ్యమంటారా అండి? మీరు ఊఁ అంటే చాలండి" అన్నాడు. నీ వేళ్ళ మధ్య మాల ఆగింది. వాడు రెండోసారి అడిగాడు. మాల మళ్ళీ కదిలింది. వాడు నా మొహం చూశాడు. జపమయ్యే దాకా కాస్త ఆగమన్నాను. ఆ మాట అన్నది నేనే, అదీ కోర్టులో చెబుతాను.

జపం పూర్తి చేసి, మాల కళ్ళకద్దుకుని లేచి, నువ్వు నన్నడిగిన మొదటి మాట ఏమిటో గుర్తుందా? "అబ్రహాము వెళ్ళిపోయాడా?" అన్నావు. విననివాడికి వాడు వచ్చిన సంగతి ఎలా తెలుసు?

అప్పటికే రేవులో ఏడుపులు వినబడుతున్నాయి.

ఆ పిల్ల చావాలని నువ్వు కోరుకోలేదు, అది నాకు తెలుసు. నువ్వు ఊఁ అంటే నీ కట్టుబాటు నువ్వే తెంచినట్టవుతుంది. అందుకని జపం అడ్డం పెట్టుకున్నావు. అబ్రహాము విసిగి తనంతట తనే పడవ తీస్తాడని కూడా అనుకుని ఉంటావు. వాడు తియ్యలేదు. నీకు అంత భయపడతాడని నీకు తెలియదా?

ఇది నా కడుపులో ఇంక దాచుకోలేను. కోర్టులో అడిగితే చెబుతాను. ముందు నీకు చెప్పకుండా అక్కడ చెప్పడం న్యాయం కాదని రాస్తున్నాను.

అక్క


కాకినాడ,
3 నవంబరు 2024

సీతారామలక్ష్మి గారికి,

ఇదంతా నీకు ఎవరు నేర్పారు? నీ కూతురు ఉమాశ్రీ అయి ఉంటుంది. హైదరాబాదులో ఆడవాళ్ళ సంఘాల్లో తిరుగుతుంది కదా, మేనమామ జైలుకి పోతే దానికి మంచి పేరు వస్తుంది. కాకపోతే గణేష్‌బాబు మనుషులు నీ దగ్గరికి వచ్చి ఉంటారు. నోరు పెగల్లేదని రాసింది నిజమేనా?

బావ పోయి నువ్వు పుట్టింటికి వచ్చిన రోజు ఈ గుమ్మం తీసి నిలబడింది ఎవరు? ఇన్నేళ్ళలో నీ మీద ఒక్కరి చేత ఒక్క మాట పడనిచ్చానా? నన్ను లోపల పెట్టించి ఆ ఇంట్లో నువ్వొక్కదానివే ఏలుకోవాలనుకుంటే ఏలుకో.

మాల ఆగిందట. ఈ వయసులో వేళ్ళు ఆగవా? లేచాక నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. రెండేళ్ళయ్యాక నీకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

నా మీద ఏ మాత్రం ప్రేమ ఉన్నా ఒంట్లో బాగాలేదని చెప్పి కోర్టుకి రావడం మానెయ్యి. డాక్టరు చీటీ సంగతి ప్లీడరుగారు చూసుకుంటారు. వస్తే మాత్రం నాకు అక్క లేదనుకుంటాను.

సూర్యప్రకాశం


సింగారాయలంక,
24 నవంబరు 2024

ప్రకాశానికి అక్క.

ఉమాశ్రీకి ఈ కేసు గురించి పేపర్లో వచ్చినంతే తెలుసు. దాని మీద పడకు. ఇల్లు నీది, నాకు అక్కర్లేదు.

సమన్లు అందాయి. నాకు ఒంట్లో బాగానే ఉంది. వచ్చే నెల వాయిదాకి వస్తాను. నేను చెబుతున్నప్పుడు నా వైపు చూడకు, చూస్తే చెప్పలేనేమోనని భయం.

చలి మొదలైంది. పల్చటి పంచెతో తిరక్కు. నీ ఉన్ని శాలువా ఉతికి పోస్టులో పంపుతున్నాను.


రాజమండ్రి, సెంట్రల్ జైలు,
16 ఫిబ్రవరి 2025

అక్కయ్యకి ప్రకాశం నమస్కారాలు.

ఏడేళ్ళు వేశారు. పేపర్లో చూసే ఉంటావు. ఫోటోలో నా మీద ఉన్నది నువ్వు పంపిన శాలువానే.

నువ్వు సాక్ష్యం చెప్పి వెళ్ళాక కోర్టులో ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. సాక్షులందరూ అయ్యాక జడ్జిగారు ముద్దాయిని నిలబెట్టి, ఒక్కొక్కరు చెప్పింది చదివి, దీనికి మీరేమంటారని అడుగుతారు. అన్నిటికీ అబద్ధం అనమని ప్లీడరుగారు ముందే చెప్పి ఉంచారు. అబ్రహాము చెప్పింది అబద్ధమన్నాను. గణేష్‌బాబు చెప్పింది అబద్ధమన్నాను. నోరు తడబడలేదు.

తరవాత నీది చదివారు. మాల ఆగడం, నేను లేచి అబ్రహాము వెళ్ళిపోయాడా అని అడగడం, నువ్వు వాణ్ణి ఆగమనడం, అన్నీ ఉన్నాయి. ప్లీడరుగారు వెనక నుంచి దగ్గారు. "మా అక్కయ్య అబద్ధమాడదండి" అన్నాను. జడ్జిగారు తలెత్తి, "అయితే మీరు విన్నారా?" అన్నారు. "విన్నానండి" అన్నాను. ప్లీడరుగారు తల పట్టుకున్నారు.

నేను మారిపోయానని అనుకోకు. ఇంటి ఆడపడుచు అబద్ధాలకోరని పదిమందిలో అనడం నా వల్ల కాలేదు, అంతే. పెట్టినవాడే కట్టుబాటు తెంచితే ఊరు నిలవదని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ పిల్ల పోయినందుకు బాధ లేదా అంటే ఉంది. అది వేరు.

నాకు అక్క లేదని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అనుకున్నది జరిగింది కదా, ఇప్పటికైనా నీ మనసు కుదుటపడి ఉంటుంది.

నీ తమ్ముడు,
సూర్యప్రకాశం


సింగారాయలంక,
18 మార్చి 2025

ప్రకాశానికి అక్క ఆశీస్సులు.

కుదుటపడలేదురా. నువ్వు విన్నానండి అన్నావని చదివి ఏడ్చాను. నా పరువు కాపాడావు, సంతోషమే. కానీ నేను కోర్టుకెక్కింది నా పరువు కోసం కాదు. ఆ పిల్ల సంగతి 'అది వేరు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వేరు కాదు, అదే అసలు సంగతి.

నీకు శిక్ష పడిన వారం నుంచి ఊళ్ళో నాతో ఎవరూ పలకడం లేదు. చావడిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. నువ్వు లేనప్పుడు కూడా చావడిలో నీ కుర్చీ ఖాళీగా వదిలి పక్కన కూర్చునే రమేష్ బాబు, నన్ను చూస్తే కండువా సర్దుకుని పక్క దారి పడుతున్నాడు. అంట్లు తోమే అప్పాయమ్మ పెరటి గుమ్మంలో నిలబడి, "నన్ను రావద్దన్నారమ్మా" అని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఎవరన్నారే అంటే చెప్పలేదు. ప్రెసిడెంటుగారిని జైల్లో పెట్టించిన మనిషిని నేను.

నిన్న కంటి డాక్టరు దగ్గరికి పోదామని రేవుకి వెళ్ళాను. పడవలో సగం ఖాళీ. అబ్రహాము నన్ను చూసి తల వంచుకున్నాడు. "సాక్ష్యం చెప్పానని నా పడవే మానేస్తామంటున్నారండి. వేరే పడవ తెప్పిస్తారటండి. మిమ్మల్ని ఎక్కించుకుంటే నా పని అయిపోయినట్టేనండి" అన్నాడు. పడవ తీసేశాడు. ఎక్కినవాళ్ళెవరూ నా వైపు చూడలేదు. నువ్వు నావ మీద దాటించిన బాలింతల్లో ఒకామె కూడా అందులో ఉంది.

తిరిగొస్తూ గణేష్‌బాబు ఇంటి ముందు ఆగాను. వాళ్ళకీ ఆనాటి నుంచి పడవ లేదు. ముసలి తల్లి మందులకి పోవాలన్నా ఆ పిల్ల పోయాక కొనుక్కున్న చిన్న దోనె మీద తనే తెడ్డు వేసుకుపోతున్నాడు. నన్ను చూసి తలుపు వేసుకున్నాడు. వేసుకోడూ మరి.

ఈ ఉత్తరం పోస్టు సంచిలో వేస్తున్నాను. సంచిని ఎక్కించుకుంటారు. ప్రకాశం, నీ ఒక్క మాట చాలు. నా ఒక్కదాని కోసం కాదు, ఆ ఇంటి కోసం కూడా రాయి. నీ మాట కాదనే మగవాడు ఈ లంకలో ఇంకా పుట్టలేదు.

అక్క


రాజమండ్రి, సెంట్రల్ జైలు,
9 ఏప్రిల్ 2025

అక్కయ్యకి ప్రకాశం నమస్కారాలు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మొదట నమ్మలేదు. మా అక్కనా, నేను నోరు విప్పకుండానే ఎవరు వెలి వేస్తారు అనుకున్నాను.

ఆనాడూ నేను పడవ మాట ఎత్తలేదు కదా. పలకొద్దని మాత్రమే అన్నానని కోర్టులో, నీ దగ్గర, ఎక్కడపడితే అక్కడ చెప్పుకుంటూ వచ్చాను. నువ్వు రేవులో నిలబడి ఉండగా పడవ వెళ్ళిపోయిందని చదివాక గానీ ఆ రేవు నా కళ్ళకి కనబడలేదు. ఆ పిల్ల అక్కడ ఇసుకలో పడుకుని పడవ వైపు చూస్తూ ఉంటుంది కదా, అక్కయ్యా. పడవ ఎదురుగానే కట్టేసి ఉంటుంది. నేను పీట మీద కూర్చుని ఉన్నాను.

తప్పు చేశాను. ఎవరి దగ్గరా ఈ మాట అనలేదు, నీ దగ్గరే అంటున్నాను. కింద రాసింది రేవులో అందరూ ఉన్నప్పుడు చదువు.

"సింగారాయలంక గ్రామస్తులకు సూర్యప్రకాశం తెలియజేయునది. గణేష్‌బాబు ఇంటితో ఎవరూ పలకరాదని నేను పెట్టిన కట్టుబాటు తప్పు. దానివల్ల ఒక తల్లీ బిడ్డా పోయారు. ఈ రోజుతో అది రద్దు. మా అక్కగారు కోర్టులో చెప్పింది నిజం. రేవుకి వచ్చిన ఏ మనిషినైనా పడవ ఎక్కించుకోవాలి. నా మాట మీద గౌరవం ఉన్నవారు ఇది పాటించగలరు."

గణేష్‌బాబుకి విడిగా రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు చింపేశాను. ఏం రాయాలో తెలియడం లేదు. ముందు పడవ సంగతి ఏమైందో వెంటనే రాయి.

ప్రకాశం


హైదరాబాదు,
11 మే 2025

ప్రకాశానికి అక్క ఆశీస్సులు.

పైన ఊరి పేరు చూసి కంగారు పడకు. ఉమాశ్రీ దగ్గరికి వచ్చాను. ఒళ్ళు బాగానే ఉంది.

నీ ఉత్తరం చేరాక వచ్చిన ఆదివారం, సంతకి పోయేవాళ్ళంతా రేవులో ఉన్నప్పుడు పట్టుకెళ్ళాను. ప్రెసిడెంటుగారు రాశారు వినండి అన్నాను. నాతో పలకని జనం అందరూ నిలబడ్డారు. తలపాగాలు తీశారు. సూర్యకళ కూడా పడవ దిగి వచ్చింది. మొత్తం చదివాను. ఆ పిల్ల మాట వచ్చిన దగ్గర ఆడవాళ్ళు కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గణేష్‌బాబు దూరంగా తన దోనె దగ్గర ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

రమేష్ బాబు కాగితం తీసుకుని నీ చేతిరాత చూశాడు. కళ్ళకద్దుకున్నాడు. ఇంక అయిపోయింది అనుకున్నాను. అప్పుడన్నాడు, "ఆయన రాతేనండి, కాదనం. పాపం జైల్లో ఏ అవస్థలో ఉండి రాశారో. అయినా ఆయనిప్పుడు ప్రెసిడెంటు కాదు కదండీ."

నువ్వు పదవి దిగి ఎన్నేళ్ళయింది? ఆ ఇంటితో పలకొద్దని నువ్వు అన్ననాడు కూడా నువ్వు ప్రెసిడెంటువి కాదు. ఆనాడు ఆ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. సూర్యకళని అడిగాను, నువ్వు ప్రెసిడెంటువి కదమ్మా, నువ్వు చెప్పు అని. "పెద్దవాళ్ళు పెట్టింది నేనెలా తీస్తానండీ" అని పడవెక్కింది. "ఆయన గౌరవం కోసమే కదండీ మేమంతా నిలబడింది" అని రమేష్ బాబు కాగితం మడిచి నా చేతిలో పెట్టి తనూ ఎక్కాడు. అబ్రహాము నన్ను చూడలేక ఇంజను స్టార్ట్ చేశాడు.

వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలనుంది. రావడం లేదు. వాళ్ళకి వద్దనడం ఒక్కటే నేర్పాం, నువ్వూ నేనూ.

ఇంటికి వెళ్ళి గేదెల్ని అప్పాయమ్మ దొడ్లోకి తోలేసి, తాళం వేసి, చేతిసంచితో మళ్ళీ ఒడ్డుకి వచ్చాను. ఎండాకాలం కదా, ఎగువన పాయ ఎండి ఇసుక తేలింది. అటు నడిచాను. మధ్యలో ఒక దగ్గర నడుము లోతు నీళ్ళు తగిలాయి. సంచి నెత్తిన పెట్టుకుని దాటాను. వెనక్కి చూస్తే ఒడ్డు మీద ఊరి ఆడవాళ్ళు ఐదారుగురు నిలబడి ఉన్నారు. నేను మునిగిపోతానేమోనని భయపడుతున్నట్టే ఉన్నారు. ఒక్కరూ పిలవలేదు.

గణేష్‌బాబుకి ఉత్తరం రాయడం మానకు. ఎన్ని కాగితాలు చిరిగినా రాయి. అతని దగ్గర నీ మాట చెల్లుతుందని కాదు, అతనికి చెప్పాలి కాబట్టి రాయి. నాకు మాత్రం ఇంటి అడ్రసుకి రాయకు. ఆ ఊళ్ళో మనవాళ్ళంటూ ఉత్తరం అందుకునేవాళ్ళు ఎవరూ లేరు.

అక్క,
సీతారామలక్ష్మి